బాక్సులో ఉన్నది పైకి చదవాలి

ఫిబ్రవరి 3, శనివారం

అన్నయ్య ఈ రోజు నన్ను సగం దేవుణ్ణి చేశాడు. వద్దంటే వినలేదు.

ల్యాబ్‌లో ఎవరైనా మీ శనివారం ఆట ఏమిటని అడిగితే నేనిలా చెబుతాను. అన్నయ్య వాళ్ల డైనింగ్ టేబుల్ దగ్గర పంతొమ్మిదేళ్లుగా ఒకే కథ నడుస్తోంది. అట్ట స్క్రీన్ వెనక కూర్చుని అన్నయ్య ఒక లోకాన్ని చెబుతాడు. ఆడేవాళ్లు ఆ లోకంలో తమ క్యారెక్టర్లు ఏం చేస్తాయో చెబుతారు. చేయగలవో లేదో ఇరవై ముఖాల డైస్ తేలుస్తుంది. లోకం చెప్పేవాడు గేమ్ మాస్టర్. స్కూల్లో లెక్కల మాస్టారు, శనివారం ఈ మాస్టారు. ఇది విన్నాక ఎవరూ రెండో ప్రశ్న అడగరు.

ఇవాళ అందరికంటే ముందు రమ్మన్నాడు. బాల్కనీలో బట్టలు తీస్తూ చెప్పాడు, తువ్వాళ్ల ధర చెప్పినంత మామూలుగా. స్కాన్ వచ్చిందట. డిమెన్షియా అట. యాభై మూడేళ్లకి. స్కూల్‌కి లాంగ్ లీవ్ పెట్టేశాడట. క్యాంపెయిన్ మాత్రం, అంటే ఈ పంతొమ్మిదేళ్ల కథ, ఆపడట.

పని పంచాడు. మ్యాపులు, రూల్సు, ఎప్పుడేం జరిగిందన్న జ్ఞాపకం నావి. మనుషులు, గొంతులు, కథ తనవి. ఒకే ఒక్క చట్టం: టేబుల్ దగ్గర ఒక మాస్టర్ నోట వచ్చినదాన్ని రెండో మాస్టర్ కాదనకూడదు. చెప్పింది చెప్పినట్టే. ఇంకో మాట కూడా తీసుకున్నాడు. జబ్బు సంగతి ఆడేవాళ్లకి తెలియకూడదు. ఆ కుర్చీలో ఉన్నంతసేపూ నేను మాస్టర్నేనే, పేషెంటుని కాను అన్నాడు.

కథ చివరికి వచ్చేసింది. ఒక ఊరు ఊరంతా మాయమైపోతే వెతుక్కుంటూ బయలుదేరినవాళ్లు ఇన్నేళ్లకి ఉప్పుకోట చేరబోతున్నారు. కోటలో ఆఖరి తలుపు వెనక ఏముందో అన్నయ్యకి ఒక్కడికే తెలుసు. ఎందుకైనా మంచిది, రాసిపెట్టు అన్నాను. ముగింపు ముందే చెప్పేవాడు మాస్టర్ కాదే, గేటు దగ్గర టికెట్లు చింపేవాడు అని కసిరాడు.

ఒకటి రాయాలంటే సిగ్గుగా ఉంది. స్క్రీన్ వెనక కుర్చీ వేసుకోమన్నప్పుడు నాకు సంతోషం వేసింది.

ఫిబ్రవరి 10, శనివారం

మొదటి రోజే తల ప్రాణం తోకకొచ్చింది.

ఆడేవాళ్లు ఇద్దరే మిగిలారు. ఒకడు ఫార్మసిస్ట్, అన్నయ్య క్లాస్‌మేట్, మందుల షాపు షట్టర్ సగం దించి వస్తాడు. రెండోవాడు లిఫ్ట్ మెకానిక్, ఒకప్పుడు అన్నయ్య దగ్గర లెక్కల్లో మూడుసార్లు ఫెయిలైన స్టూడెంట్. వదిన ఆడదు. పిల్లలు కూడా మానేసిన ఆట మీరెప్పుడు మానతారని వంటింట్లోంచి అంటూ ఉంటుంది. కానీ ఏ క్యారెక్టర్‌కి ఎప్పుడు దెబ్బ తగిలిందో ఆవిడకి తెలిసినంత నాకు తెలియదు.

అన్నయ్య వాళ్లని వంతెన మీదుగా నడిపించాడు. ఆ వంతెనని ఆట మొదలైన ఆరో ఏట వాళ్లే తగలబెట్టారు. లిఫ్ట్ మెకానిక్ నోరు తెరవబోయాడు. కొత్త వంతెన, కర్రకి ఇంకా రంగు వాసన పోలేదు అని నేను అందుకున్నాను. అన్నయ్య టేబుల్ కింద నా మోకాలి మీద తట్టాడు.

ఫిబ్రవరి 24, శనివారం

ఇవాళ అన్నయ్య ఒక్క తప్పూ చెప్పలేదు, డాక్టరే పొరబడ్డాడేమో అనుకుంటూ ఇంటికొచ్చాను.

మార్చి 9, శనివారం

డాక్టర్ పొరబడలేదు.

నా నోట్సులో ఏది పైకి చదవాలో, ఏది తన కోసమో అన్నయ్యకి తేలడం లేదు. పోయిన వారం రాజుగారి గొంతుతో గంభీరంగా ‘ఇక్కడ టీ బ్రేక్ ఇవ్వు’ అని చదివేశాడు. అందరూ విరగబడి నవ్వారు. తనూ నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

అందుకని ఒక పద్ధతి పెట్టాను. పైకి చదవాల్సిన దాని చుట్టూ నల్ల గీతతో బాక్స్. బాక్సులో ఉన్నది చదువు, బయటిది చదవకు. చాలా బాగా కుదిరింది. బాక్స్ కనపడగానే అన్నయ్య వెన్ను నిటారవుతుంది, గొంతు మారిపోతుంది. చదువుతున్నట్టే ఉండదు.

ల్యాబ్‌లో లంచ్ టైమ్‌లో టైప్ చేస్తున్నాను. ఒక పక్క ప్లాస్టర్ దవడలు ఆరుతుంటాయి, ఒక పక్క నేను దొంగల గుహలు కడుతుంటాను. నా బతుకే కట్టుడు పళ్లు చేయడం. ఎవరి నోట్లోనో పెట్టడానికి తయారుచేయడం నాకు కొత్త కాదు.

ఏప్రిల్ 13, శనివారం

ఫార్మసిస్ట్ క్యారెక్టర్ కథలో ఒక పడవ నడిపే మనిషిని పెళ్లి చేసుకున్నాడు. మూడో ఏట ఆమె వరదలో పోయింది. అప్పుడు ఆయన నిజంగానే రెండు వారాలు ఆటకి రాలేదు.

ఇవాళ కోట కింద గుడిసె తలుపు కొట్టారు. అన్నయ్య తలుపు తీశాడు, ఆమె గొంతుతో. అదే దగ్గు, అదే వెటకారం. ఇంత ఆలస్యమా, అన్నం చల్లారిపోయింది అంది. చట్టం ప్రకారం కాదనడానికి లేదు.

ఫార్మసిస్ట్ చాలాసేపు పెన్సిల్ చెక్కాడు. తర్వాత, చల్లారినా పర్లేదు, పెట్టు అన్నాడు.

మెట్లు దిగుతుంటే లిఫ్ట్ మెకానిక్ నన్ను ఆపాడు. మాస్టారికి ఏమైంది, మేమేమన్నా చిన్నపిల్లలమా అన్నాడు. నిద్ర సరిగ్గా పట్టడం లేదట అని నీళ్లు నమిలాను.

ఏప్రిల్ 27, శనివారం

కావలివాడు తన కొడుకునే కోటలోకి రానివ్వని సీన్ నేను రాసిందే. నాలుగు లంచ్ టైములు పట్టింది. అన్నయ్య చదివాక ఫార్మసిస్ట్ కళ్లద్దాలు తుడుచుకుని, ఎంతైనా మాస్టారు మాస్టారే, ఇలాంటిది ఇంకెవరికి తడుతుంది అన్నాడు. అన్నయ్య చిన్నగా తలూపి ఊరుకున్నాడు. తనకి తట్టిందనే అనుకున్నాడేమో. నేను కూడా చప్పట్లు కొట్టాను.

బస్సు ఎక్కకుండా నడిచి ఇంటికొచ్చాను. ఒళ్లు మండిపోతోంది. జబ్బు మనిషి మీద కుళ్లుకుంటున్నాను. నాకంటే నీచులు ఉంటారా.

మే 4, శనివారం

చెప్పేశాను.

కింద స్కూటర్ల దగ్గర ఇద్దరినీ నిలబెట్టి కుండ బద్దలు కొట్టాను. జబ్బు పేరు, ఎప్పటి నుంచి, ఎంత ముదిరింది, అన్నీ. ఫార్మసిస్ట్‌కి సగం తెలుసట. మందులు తన షాపులోంచే వెళుతున్నాయి, వదిన నోరు విప్పొద్దందట. లిఫ్ట్ మెకానిక్ హెల్మెట్ పెట్టుకుని దాని లోపలే ఏడ్చాడు.

వాళ్లకి తెలిస్తే అన్నయ్యకే సుఖం, గుచ్చి గుచ్చి అడగరు, అందుకే చెప్పాను. ఇది నిజమే. కానీ అంతా అయ్యాక, ఆ కావలివాడి సీను నేనే రాశాను అని కూడా చెప్పాను. దాని అవసరం ఎవరికుంది?

జూన్ 1, శనివారం

లిఫ్ట్ మెకానిక్‌ది మంచి మనసే కానీ నోరు ఆగదు. అన్నయ్య కథలో పోయినవాణ్ణి మళ్లీ తెస్తే, మాస్టారూ, వాడు చచ్చిపోయాడు కదా అని ఇవాళ రెండుసార్లు అనేశాడు. రెండోసారి అన్నయ్య నా వైపు చూసిన చూపు నేను తట్టుకోలేకపోయాను.

జూన్ 14, శుక్రవారం, లంచ్

వీళ్లిద్దరికీ నోటితో చెబితే ఎక్కడం లేదు. రాసి చేతిలో పెట్టాలి. రేపటి నోట్సుతో పాటే టైప్ చేసి ప్రింట్ ఇచ్చాను. కార్ట్రిడ్జ్ నీ బాబు కొన్నాడా అని ఓనర్ పక్కనే నిలబడి సణుగుతుంటే అన్నీ ఒకేసారి లాగి క్లిప్ పెట్టేశాను.

జూన్ 15, శనివారం

వరసగా రాస్తాను.

నాలుగున్నరకి కోట లోపలి ద్వారం దాటారు. అన్నయ్య హుషారుగా ఉన్నాడు. పేజీ తిప్పాడు. బాక్స్ కనపడింది. వెన్ను నిటారుగా పెట్టి, స్క్రీన్ మీదుగా ఇద్దరి మొహాల్లోకీ చూసి, పాత మంత్రగాళ్లకి వాడే గొంతుతో మొదలుపెట్టాడు.

‘మాస్టారికి జబ్బు. జరిగినది గుర్తుండదు.’

అది వాళ్లిద్దరి కోసం రాసిన కాగితం. అలవాటు చొప్పున దానికీ బాక్స్ గీశాను. రెండు కాపీలూ నా బ్యాగులో ఉండాల్సినవి. ఒకటి అన్నయ్య ఫైల్లోకి పోయింది.

‘తప్పు చెబితే దిద్దకండి. చెప్పిందే మళ్లీ చెబితే మొదటిసారి విన్నట్టు వినండి. చచ్చినవాళ్లు లేచి వస్తే నమస్కారం పెట్టండి.’

ఎంత బాగా చదువుతున్నాడో. ప్రతి వాక్యం తర్వాతా ఆగుతున్నాడు. మాస్టారంటే కథలో ఎవరో ముసలి మంత్రగాడనుకున్నాడు మొదట. నేను చెయ్యి చాపి లాక్కోవచ్చు. గ్లాసు తన్నేయొచ్చు. ఏమీ చేయలేదు. అన్నయ్య చదివేటప్పుడు మధ్యలో ఆపడం అనేది ఈ టేబుల్ దగ్గర పంతొమ్మిదేళ్లలో ఒక్కసారీ జరగలేదు. మిగతా ఇద్దరూ అంతే. తల వంచుకుని క్యారెక్టర్ షీట్లు చూస్తున్నారు. వంటింట్లో కుళాయి ఆగిపోయింది.

‘కోటలో మీరు విన్న మంచి సీన్లన్నీ నేను రాసిచ్చినవే. అయినా మెచ్చుకోవాల్సి వస్తే ఆయన్నే మెచ్చుకోండి.’

ఆ లైను దగ్గర గొంతు మారింది. మంత్రగాడు పోయాడు, మా అన్నయ్య మిగిలాడు. ఆ లైనే రెండోసారి చదివాడు, మెల్లగా, పిల్లల నోటుబుక్కులో లెక్క తప్పు ఎక్కడుందో వెతికినట్టు.

కాగితం బోర్లా పెట్టాడు. ఎప్పుడూ బాక్స్ అయిపోగానే అడిగేది అడిగాడు. ఇప్పుడు మీరేం చేస్తారు?

లిఫ్ట్ మెకానిక్ డైస్ తీసి వేశాడు. ఎందుకు వేశాడో అతనికే తెలియదు. పదకొండు పడింది.

అన్నయ్య చూశాడు. పదకొండు చాలదు అన్నాడు. లేచి లోపలికి వెళ్లి పడుకున్నాడు.

జూన్ 16, ఆదివారం, ఉదయం 7.10

ఫోన్ చేశాడు. క్లాసులో మాట్లాడే గొంతు. ఒక్క మాట తడబడలేదు. ఇంత స్పష్టంగా ఉండి రెండు నెలలైంది, ఇవాళే ఉండాలా.

జబ్బు సంగతి చెప్పినందుకు నాకు కోపం లేదే అన్నాడు. ఎన్నాళ్లు దాస్తావు, నేనే నీ మీద పెద్ద బరువు పెట్టాను అన్నాడు. ఆ ఆఖరి లైను ఎందుకు రాశావు అన్నాడు.

టిఫిన్ తిన్నావా అన్నయ్యా అన్నాను.

ఇకనించి శనివారం రావద్దు అన్నాడు. వదిన్ని చూడ్డానికి రా, పండో కాయో పట్టుకుని రా, టేబుల్ దగ్గరికి మాత్రం రావద్దు. నాకు చేతనైనన్నాళ్లు నేను చెబుతాను, చేతకాకపోతే ఆ తలుపు మూసే ఉంటుంది అన్నాడు.

జూన్ 22, శనివారం

వెళ్లలేదు. నాలుగింటికి ల్యాబ్‌లో ఒక్కదాన్నే కూర్చుని ఎవరివో కింది దవడ పళ్లు మైనంలో పేర్చాను. రెండు వంకరగా వచ్చాయి.

ఆరింటికి వదిన ఫోన్. అన్నయ్య స్క్రీన్ తెరిచి పెట్టుకుని, చెల్లెలింకా రాలేదేమిటని వాకిలి వైపు చూస్తూ కూర్చున్నాడట. తర్వాత జేబులోంచి నోటుబుక్ తీసి చదువుకున్నాడట. జబ్బు తెలిసినప్పటి నుంచీ ముఖ్యమైనవి అందులో రాసుకుంటున్నాడు. ‘శనివారం చెల్లెలు రాదు. నేనే వద్దన్నాను.’ అంతే ఉందట. ఎందుకో రాసుకోలేదట.

ఆట జరిగిందా అని అడిగాను. ఒకే వరండా మూడుసార్లు దాటించారు, పాపం ఆ ఇద్దరూ మూడుసార్లూ దాటారు అంది వదిన. ఈ ఆటంటే ఇన్నేళ్లూ విసుక్కున్న మనిషి, వచ్చే శనివారం నువ్వు వచ్చి తీరాలి అని ఏడ్చింది.

జూన్ 29, శనివారం

మూడింటికే వెళ్లాను. తలుపు అన్నయ్యే తీశాడు. నన్ను చూసి మొహం విప్పారింది, వెంటనే ముడుచుకుంది. నోటుబుక్ తీసి ఆ లైను చూపించాడు.

ఏం చేశావే నువ్వు? అన్నాడు. ఇది నా రైటింగే. నిన్ను రావద్దన్నానంటే పెద్దదే చేసి ఉంటావు. ఎంత ఆలోచించినా తెలియడం లేదు, నువ్వే చెప్పు.

చెప్పొచ్చు. చెబితే ఆ ఆదివారం ఉదయం ఇంకోసారి జరుగుతుంది. నేను లేకపోతే కోట పూర్తవదు. రెండూ లెక్కేసుకున్నాను, నిలబడిన చోటే. ఆఖరి తలుపు వెనక ఏముందో చెప్పమని నిన్ను పీడించాను అన్నయ్యా, నీకు కోపం వచ్చింది అన్నాను. అబద్ధం ఎంత నున్నగా వచ్చిందంటే నాకే ఆశ్చర్యం వేసింది. నాలుగు నెలలుగా చేస్తున్న పని అదే కదా.

ఇంతేనా? అన్నాడు. ఇంత మాత్రానికి చెల్లెల్ని ఇంటికి రావద్దన్నానా? నా బుర్రకేం రోగం వచ్చింది అని, రోగం గుర్తొచ్చి నవ్వాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని నన్ను క్షమించమని అడిగాడు. మా అన్నయ్య నన్ను. నాకు అక్కడికక్కడే తల కొట్టేసినట్టయింది. మర్యాదగా, పర్లేదులే అన్నాను.

నోటుబుక్కులో ఆ లైను కొట్టేశాడు. కొట్టేసి, నేను అడగకుండానే, ముగింపు చెప్పాడు. పాపం నువ్వు అడిగిందే కదా, ఇదుగో తీసుకో, నేను మర్చిపోయేలోపు అన్నాడు.

వద్దని ఆపాల్సింది. ఆపలేదు.

ఆఖరి తలుపుకి బయట తాళం ఉండదట. గడియ లోపలి నుంచే. మాయమైన ఊరు ఊరంతా లోపలే ఉంది, ఎవరూ ఎత్తుకుపోలేదు. ఒక రోజు తమ వైపు ఎవరో వస్తున్న అడుగుల చప్పుడు విని భయపడి దాక్కున్నారు. పంతొమ్మిదేళ్లుగా ఆ చప్పుడు దగ్గరవుతూనే ఉంది. అది వీళ్ల అడుగులే, వెతకడానికి బయలుదేరిన వీళ్లవే. తలుపు తీయించాలంటే కొట్టకూడదు, పిలవకూడదు. కూర్చోవాలి. కదలకుండా, చప్పుడు ఆగిపోయిందని వాళ్లకి నమ్మకం కుదిరేదాకా.

మొదటి రోజు నుంచీ ఇదే అనుకున్నావా అని అడిగాను. మొదటి రోజు నుంచీ ఇదే అన్నాడు. తువ్వాలు తీసుకుని మొహం తుడుచుకున్నాడు. నాలుగు లంచ్ టైముల్లో నేను రాసిన కావలివాడు దీని ముందు ఎంత.

మాట పొల్లుపోకుండా వెంటనే రాసి పెట్టుకున్నాను. ఇవాళ ఆట మామూలుగా జరిగింది. టీ వేళకి అన్నయ్య నన్ను పక్కకి పిలిచి, ఆఖరి తలుపు వెనక ఏముండాలో నువ్వేమైనా ఆలోచించావా అని అడిగాడు.

జులై 6, శనివారం

తలుపు తెరుచుకుంది.

అన్నయ్య మాటలు అన్నయ్యవే, ఒక్కటి కూడా మార్చకుండా బాక్సులో పెట్టి ఇచ్చాను. చదివాడు. ఇద్దరూ కూర్చున్నారు, కదలకుండా, పది నిమిషాలు, నిజంగానే. గడియ చప్పుడు అన్నయ్య నాలుకతో చేశాడు. లిఫ్ట్ మెకానిక్ టేబుల్ మీద తల పెట్టి ఏడ్చాడు.

ఫార్మసిస్ట్ లేచి అన్నయ్య రెండు చేతులూ పట్టుకుని, అద్భుతం మాస్టారూ అన్నాడు. అంటూ నా వైపు చూశాడు.

ఇది అన్నయ్యదే, పంతొమ్మిదేళ్ల కిందటిది, నేను రాసుకున్నానంతే అన్నాను. అవునమ్మా అవును అన్నాడు ఫార్మసిస్ట్, ఎంతో దయగా. ఒట్టేసి చెబుతున్నాను అన్నాను. లిఫ్ట్ మెకానిక్ కళ్లు తుడుచుకుని, మాకు తెలుసులే అక్కా అన్నాడు.

అన్నయ్య కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఊరుకోవే, ఇంత మంచిది నాకెక్కడ తడుతుంది అని నా నెత్తి మీద చెయ్యి పెట్టాడు. తనే మొదలుపెట్టాడు. వదిన కూడా వంటింట్లోంచి వచ్చింది. నలుగురూ నాకు చప్పట్లు కొట్టారు.